పది పియానోల వసంతం

మా అమ్మ ఆర్లిస్ పియానో టీచరు. అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డునున్న డులూత్‌లో మా కొండవాలు వీధి పిల్లల్లో ఎవరికైనా కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో తెలిసిందంటే, అది మా ముందుగదిలో తెలిసిందే. బడి వదిలిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా వచ్చేవాళ్ళు వస్తూ పోయేవాళ్ళు పోతూ ఉండేవారు. గుమ్మంలో వాళ్ళ తడి బూట్లు గుట్టపడేవి. ఆ ఉన్ని మేజోళ్ళ వాసన, మెరుగుపెట్టిన పియానో చెక్క వాసన కలిసి ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నేను ఒక్కసారిగా పదమూడేళ్ళదాన్నయిపోతాను.

పియానో టీచర్లలో ఒక కట్టుబాటు ఉంది. సొంత పిల్లలకి ఎవరూ పాఠం చెప్పరు. మా అమ్మాయిని నువ్వు చూడు, మీ అబ్బాయిని నేను చూస్తాను అని మార్చుకుంటారు. తల్లీ టీచరూ ఒకరే అయితే ఇంట్లో పాఠం ఎప్పుడు ముగిసిందో ఎవరికీ తెలియదని వాళ్ళ భయం. దీనికి మా అమ్మ ఒక్కతే ససేమిరా అంది. ఊళ్ళో ఉన్న టీచర్లందరినీ పేరుపేరునా తలుచుకుని, ఒక్కొక్కరికీ ఒక వంక పెట్టి, నన్ను తన దగ్గరే ఉంచుకుంది. మిసెస్ బెర్గ్‌డాల్‌కి మాత్రం రెండు వంకలు పెట్టింది. పిల్లల మణికట్లు వాలిపోతున్నా పట్టించుకోదని ఒకటి, తప్పులు వాయిస్తుంటే నవ్వుతుందని ఒకటి.

పిల్లలంతా వెళ్ళిపోయాక పియానో నాది. అమ్మ వంటింట్లో ఉల్లిపాయలు వేయిస్తూ ఉండేది. నేను ఒక్క మీట తప్పు నొక్కితే చాలు, గరిటె చప్పుడు ఆగేది.

"ఎఫ్ షార్ప్."

నేను నొక్కాల్సిన మీట పేరది. కోపంగా కాదు, ఉప్పు అందుకో అన్నట్టే అనేది. నేను ఆగి, వెనక్కి వెళ్ళి, సరిచేసుకుని వాయించేదాన్ని. గరిటె మళ్ళీ కదిలేది. ఏడాదికోసారి జడ్జీల ముందు ఒంటరిగా వాయించే పోటీకి వెళ్ళేసరికి నా పాటలో వంక పెట్టడానికి ఏమీ మిగిలేది కాదు. ఇంట్లో అలమర నిండా నా బహుమతులే.

మా నాన్న వెర్న్ ఓడరేవులో ఇనుపరాయి ఎత్తే పనివాడు. సరస్సు మీద ఐస్ కరిగి ఓడలు కదిలేదాకా ఆయనకి పనుండదు. ఆ ఏడు ఐస్ మొండికేసింది. నాన్న ఇంట్లో కూర్చుని పేపరు చదువుతూ, నా సాధన వింటూ, "ఈ పాటలో మొదటి సగం నాకు కంఠస్థం అయిపోయింది. రెండో సగం ఉందో లేదో ఎవరైనా చెప్పండర్రా," అనేవాడు.

ఆ ఫిబ్రవరి చివర్లో ఒక రోజు భోజనాల దగ్గర అమ్మ కబురు తెచ్చింది. ఊళ్ళో పియానో టీచర్లందరూ కలిసి ఏప్రిల్‌లో పెద్ద కచేరీ పెడుతున్నారు. వేదిక మీద పది పియానోలు, ఒక్కోదానికి ఇద్దరు పిల్లలు, అందరూ ఒకేసారి ఒకే పాట.

"ఇరవై మందా?" నాన్న ఫోర్కు కింద పెట్టాడు. "ఇద్దరు పిల్లలు కలిసి ఒక తలుపు వెయ్యలేరు ఆర్లిస్."

"అందుకే నేర్పుతున్నాం. పియానో పిల్లలకి పక్కవాళ్ళతో వాయించడం తెలీదు. బ్యాండు పిల్లలకి తెలుసు, పాట బృందంలో పిల్లలకి తెలుసు. మనవాళ్ళే పాపం, గోడకి ఎదురుగా కూర్చుని ఒక్కళ్ళే వాయించుకుంటారు."

"మరి సిగ్నీ ఎవరితో?"

"లాటరీ తీశాం. ఎవరి పిల్లలకి వాళ్ళే జతలు కడితే కొట్టుకు చస్తామని." అమ్మ నా కంచంలో ఇంకొంచెం బంగాళదుంపల కూర వేసింది. "మూడో పియానో. బెర్గ్‌డాల్ శిష్యురాలట, పేరు రెనే మాకి. దాని మణికట్లు చూడకు, నీకూ అలవాటవుతాయి."

శనివారం పొద్దున్న రిహార్సల్. పియానోలు అమ్మే దుకాణంవాళ్ళు వెనక హాలు ఇచ్చారు. టీచర్లని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఎవరి పిల్లల నెత్తి మీద వాళ్ళు నిలబడితే పని జరగదని ముందే అనుకున్నారట. నడిపించేది హైస్కూలు బ్యాండు మాస్టారు టాలెఫ్సన్. పొడుగ్గా ఉండేవాడు, పాల డబ్బాలు మోసే చెక్కపెట్టె ఒకటి తిరగేసి దాని మీద ఎక్కి నిలబడ్డాడు.

మొదటిసారి ఇరవై మందిమీ కలిసి వాయించినప్పుడు వచ్చిన చప్పుడు ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. పది అలమరలని మెట్ల మీద నుంచి కిందకి తోసేసినట్టుంది. మాస్టారు తాళం చూపే కర్ర దించి, చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

"బాగుంది. అందరూ బతికే ఉన్నారుగా? ఇప్పుడు చెప్పండి. వాయిస్తుండగా తప్పొచ్చింది. ఏం చేస్తారు?"

నాకు తెలిసిన ప్రశ్న. చెయ్యెత్తాను. "వెనక్కెళ్ళి సరిచేసుకుంటాం సార్."

"రైలు కదిలాక చెప్పు జారిపడిందనుకో. దిగి వెతుక్కుంటావా?"

అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. "వెతుక్కోకూడదు," అన్నాడాయన, కొంచెం మెత్తగా. "ఒంటికాలి చెప్పుతోనే ముందుకెళ్ళాలి. ఇక్కడ తప్పు వాయించినా నాకు బాధ లేదు. ఆగితేనే బాధ. నువ్వాగితే నీ పక్కనున్నది తడబడుతుంది, దాన్ని చూసి పక్క పియానో ఆగుతుంది. అర్థమైందా?"

అర్థమైంది. కానీ నా చేతులకి అర్థం కాలేదు. పక్క మీట మీద వేలు పడితే చాలు, రెండు చేతులూ గాల్లో నిలిచిపోయేవి. నా పక్కన రెనే మాకి నడుం వంకరగా కూర్చుని, బబుల్‌గమ్ నములుతూ, తప్పుల మీద తప్పులు వాయించుకుంటూ హాయిగా పోయేది.

"అక్కడ ఎఫ్ షార్ప్," అన్నాను ఓసారి ఉండబట్టలేక.

"ఎక్కడ?"

"ఇందాక."

"ఇందాకటిది ఇందాకే పోయిందిగా. ఇంకా దాని దగ్గరే కూర్చున్నావా నువ్వు?" అంది రెనే. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

ఇంటికొచ్చి ఆగిపోతున్నానని చెప్పాను. అమ్మ తనకి తోచిన మందు వేసింది. తప్పే లేకపోతే ఆగేదేముంది? అంచేత సాధన రెట్టింపయింది. ఉల్లిపాయలు మాడిపోయినా సరే, ఒక్క మీట జారనిచ్చేది కాదు. వంటింట్లోంచి వచ్చే మాట ఇంకా తొందరగా, నా వేలు కిందకి దిగకముందే వస్తున్నట్టు ఉండేది. పాటలు నాకు నిద్రలో కూడా వచ్చేశాయి. కానీ ఇరవై మంది మధ్యలో ఎవరో ఒకరు తాళం తప్పేవారు, లేదా మాస్టారు వేగం పెంచేవాడు. నా వేలు జారేది. అంతే, చేతులు పైకి లేచిపోయేవి.

మార్చి మధ్యలో ఒక శనివారం నేను పప్పులో కాలేశాను. కచేరీకి మొదటి పాట మార్చ్, సైనికుల అడుగుల తాళంది. అందులో ఆగిపోయి, గాభరాగా మళ్ళీ అందుకున్నాను. అందుకున్నది ఒక వరుస వెనక. అది కూడా గట్టిగా, అమ్మ నేర్పినంత శుభ్రంగా. నా వాయింపు అంత నమ్మకంగా ఉండేసరికి నాలుగో పియానోవాళ్ళు తామే తప్పనుకుని నాతో వచ్చేశారు. వాళ్ళని చూసి ఐదోవాళ్ళు. హాల్లో సగం మంది ఒక పాట, సగం మంది ఇంకో పాట. మాస్టారు కర్ర దించేశాడు.

"మూడో పియానో," అన్నాడు. ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ మర్నాడు, చర్చి నుంచి వచ్చాక, మిసెస్ బెర్గ్‌డాల్ మా ఇంటికొచ్చింది. పొట్టిగా, బొద్దుగా, మోకాళ్ళదాకా బూట్లు. అమ్మ ఆవిణ్ణి ముందుగదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు. నేను మెట్ల మీద కూర్చున్నాను.

"ఆర్లిస్, పిల్ల చక్కగా వాయిస్తుంది. మా అందరి పిల్లల్లో దాని చెయ్యి వేరు," అంది మిసెస్ బెర్గ్‌డాల్. "కానీ ఆగిపోతోంది."

"తప్పొస్తే ఆగదా మరి?"

"ఆగకూడదు."

"తప్పుని వదిలేసి ముందుకెళ్ళమని నా పిల్లలకి నేనెప్పుడూ నేర్పలేదండీ."

"అదే చెప్దామని వచ్చాను."

అమ్మ కాఫీ కప్పు కింద పెట్టింది. మిసెస్ బెర్గ్‌డాల్ ఒళ్ళో చేతులు పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. టీచర్లందరూ మాట్లాడుకున్నారు. ఇంకో రెండు రిహార్సల్స్ చూస్తారు. అప్పటికీ ఇలాగే ఉంటే నన్ను పక్కన నిలబెట్టి పేజీలు తిప్పిస్తారు. నా చోటులో తన దగ్గరున్న ఇంకో పిల్ల కూర్చుంటుంది. ఊరంతా చూస్తుండగా, అలమర నిండా బహుమతులున్న నేను, రెనే మాకి పక్కన నిలబడి కాగితాలు తిప్పాలి.

"ఈ వారం పిల్లని మా ఇంటికి పంపు. రెనే వస్తుంది. ఇద్దర్నీ కలిపి కూర్చోబెడతాను," అంది మిసెస్ బెర్గ్‌డాల్.

"మీ ఇంటికా?"

"మా ఇంటికే."

పేపరు వెనక నుంచి నాన్న అన్నాడు, "పంపించవే. దాన్నేం కొరుక్కు తినరు."

"నువ్వూరుకో వెర్న్," అని, అమ్మ కాఫీ కప్పులు తీస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, "రేపటి నుంచి వస్తుంది," అంది.

మిసెస్ బెర్గ్‌డాల్ పాఠం చూసి నాకు కళ్ళు తిరిగాయి. "ప్రతి వరుసలో కావాలని ఒక తప్పు చెయ్యండి. ఎక్కడ చేస్తారో మీ ఇష్టం. ఆగకండి," అంది. రెనే ఎగిరి గంతేసినంత పని చేసింది. నాకు మాత్రం తెలిసీ తెలిసీ తప్పు మీట నొక్కడమంటే దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది. అయినా నొక్కాను. ఆగబోతే రెనే మోచేత్తో డొక్కలో పొడిచేది. రెండో రోజుకి కావాలని చేసిన తప్పుల మీద నుంచి దూకి వెళ్ళడం వచ్చేసింది. తప్పు చేశాక నవ్వడం కూడా వచ్చింది. మణికట్లు ఎలా ఉన్నాయో నేను చూసుకోలేదు.

కానీ అనుకోకుండా వచ్చిన తప్పు దగ్గర మాత్రం పాత జబ్బే. ఆగిపోయి, మెడ వెనక్కి తిప్పేదాన్ని.

"ఎవరి కోసం చూస్తున్నావ్ తల్లీ?" అంది మిసెస్ బెర్గ్‌డాల్.

"ఎవరి కోసమూ లేదండీ."

వెనక ఉన్నది వాళ్ళ వంటింటి గుమ్మం. అక్కడెవరూ లేరు. ఆవిడ లేచి వెళ్ళి ఆ తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "ఊ, ముందుకి," అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఫోను మోగింది, మిసెస్ బెర్గ్‌డాల్ నుంచి. అమ్మ గోడకి ఆనుకుని చాలాసేపు విన్నది. "ఊ," అంది. "ఊ." తర్వాత, "నాకు తెలుసండీ," అంది. ఇంకాసేపటికి, "తెలీదు. ఇప్పుడే తెలిసింది," అని ఫోను పెట్టేసింది.

మర్నాడు నేను పియానో దగ్గర కూర్చున్నాను. అమ్మ వంటింట్లో బంగాళదుంపలు చెక్కుతోంది. మార్చ్ ఎత్తుకున్నాను. రెండో పేజీలో వేలు జారింది. ఆగాను. మాట కోసం చూశాను.

రాలేదు.

మెడ తిప్పి చూస్తే వంటింట్లో ఎవరూ లేరు. పెనం మీద ఏదో చిటపటలాడుతోంది. వెనక తలుపు కొద్దిగా తెరిచి ఉంది. కిటికీ దగ్గరకి వెళ్ళాను. మా పెరట్లో ఇంకా మోకాలెత్తు మంచు ఉంది. అమ్మ దాని మధ్యలో, కోటు లేకుండా, ఏప్రన్‌తో, ఇంటికి వీపు పెట్టి నిలబడి ఉంది. ఒక చేతిలో దుంప, ఇంకో చేతిలో చాకు. చెక్కుతోంది. తొక్కలు మంచు మీద పడుతున్నాయి.

నేను వెళ్ళి పిలవలేదు. ఎందుకు పిలవలేదో అప్పుడైతే చెప్పలేకపోయేదాన్ని. వెనక్కొచ్చి కూర్చుని, ఆగిన చోటు నుంచి కాక, దాని తర్వాతి వరుస నుంచి వాయించాను.

ఆ వారమంతా అంతే. నేను పియానో దగ్గర కూర్చోగానే వెనక తలుపు చప్పుడయ్యేది. రెండు సార్లు కూర మాడింది. నాన్న తట్టుకోలేకపోయాడు.

"సిగ్నీ, మీ అమ్మకేమైనా పిచ్చి పట్టిందా? ఈ చలిలో బయట నిలబడి క్యారెట్లు తరుగుతోందేమిటే? పక్కింటి హార్లన్ వచ్చి, మీ స్టవ్వు పాడైందా, మాది వాడుకుంటారా అని అడిగాడు."

"ఏం చెప్పావు నాన్నా?"

"గాలి మంచిదని చెప్పాను. నమ్మలేదు."

నేను తల దించుకుని తిన్నాను. మాడిన భాగం కూడా వదలకుండా తిన్నాను. అమ్మ ముక్కు ఎర్రగా ఉంది. పాట గురించి ఒక్క మాట అనలేదు. ఆవిడ పెదాలు కదిలి, మళ్ళీ మూసుకోవడం చూశాను. మా అమ్మకి అది ఎంత కష్టమో నాకు తెలుసు. జ్వరంలో కూడా ఎఫ్ షార్ప్ అనే మనిషి.

రిహార్సల్‌లో నేను ఇంకా తప్పులు వాయించాను. ఒక్కోసారి చేతులు లేచాయి, లేచి మళ్ళీ దిగాయి. గడువు పెట్టిన ఆ రెండో రిహార్సల్‌కి లేవడం మానేశాయి. మాస్టారు నా వైపు చూసి కనుబొమలెత్తాడు, అంతే. నా చోటు నాకుంది.

ఏప్రిల్ చివరి ఆదివారం కచేరీ. పది పియానోలనీ వేదిక మీద భుజం భుజం కలిపి పెట్టారు. ఓడలు కదిలి నాన్నకి పని మొదలైంది, అయినా ఆదివారం సెలవు గనక కోటు తొడుక్కుని వచ్చాడు. హాలంతా నిండింది. బయట తడిమంచు పడుతోంది, లోపల జనం కోట్లలోంచి ఆవిరి లేస్తోంది.

మార్చ్ గొడవ లేకుండా అయిపోయింది. రెండో పాట వాల్ట్జ్, మూడు దెబ్బల నాట్యం పాట. దాని మధ్యలో నా నాలుగో వేలు పక్క మీట మీద పడింది. కావాలని కాదు. అచ్చమైన తప్పు, అందరి ముందూ. కానీ అప్పటికే నా చేతులు తర్వాతి వరుసలో ఉన్నాయి. అటూ ఇటూ పందొమ్మిది మంది నన్ను మోసుకుపోతున్నట్టుంది. పాట నాది కాదు, నేనే పాటలో ఉన్నాను. అంత చప్పుడు మధ్యలో నాకు మనసు అంత నెమ్మదిగా ఎప్పుడూ లేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. రెనే నా వైపు చూసి, "ముక్కు తుడుచుకోవే," అని పెదాలు కదిపింది. నాకు చెయ్యి ఖాళీ లేదు.

అయ్యాక కోట్లు తగిలించే చోట అమ్మానాన్నా నిలబడి ఉన్నారు. నాన్న, "పర్వాలేదు," అన్నాడు. మా ఊళ్ళో అంతకన్నా పెద్ద పొగడ్త లేదు. అమ్మ నా కోటు బొత్తాలు పెట్టింది. పదమూడేళ్ళదాని కోటు బొత్తాలు.

"చెవి పెట్టి విన్నాను. ఇరవై మందిలో నీది ఏదో నాకు తెలీలేదు," అంది.

అది మంచో చెడో నాకు అర్థం కాలేదు. ఈలోగా ఆవిడ జనంలోంచి దారి చేసుకుంటూ మిసెస్ బెర్గ్‌డాల్ దగ్గరకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

"మీ పాఠాల్లో ఒక చోటుందా?" అంది అమ్మ.

మిసెస్ బెర్గ్‌డాల్ ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసింది. "గురువారం ఉంది. బడి అయ్యాక."

"ఆ టైముకి నాకు పిల్లలుంటారు. తనే నడిచి వస్తుంది."

"సరే ఆర్లిస్."

కారులో నేను వెనక సీట్లో మొహం మాడ్చుకుని కూర్చున్నాను. ఇల్లు దగ్గరపడుతుండగా ఇక ఆగలేకపోయాను. "నేను తప్పు వాయించానని పంపించేస్తున్నావా అమ్మా?"

"తప్పెక్కడ వాయించావ్?"

"వాల్ట్జ్‌లో."

"నాకు వినబడలేదని చెప్పానుగా." అమ్మ ముందు అద్దంలోంచి బయటికి చూస్తూనే ఉంది. "బాగా వాయించావు. అందుకే పంపిస్తున్నా. నీకు టీచర్లు దొరుకుతారు సిగ్నీ. నేను ఇకనుంచి అమ్మపని చేస్తాను. నాకది సరిగ్గా చేతకాదు. కొన్నాళ్ళు ఓర్చుకో."

నాన్న ఇంటి ముందు బండి ఆపాడు.

మొదటి గురువారం పాఠం అయ్యాక మిసెస్ బెర్గ్‌డాల్ నన్నూ రెనేనీ కూర్చోబెట్టి దాల్చినచెక్క రొట్టె, వెన్న, పాలు పెట్టింది. ఇద్దరం పోటీపడి తిన్నాం. నేను ఇంటికొచ్చేసరికి అమ్మ చివరి పిల్లవాణ్ణి పంపేసి గుమ్మంలో నిలబడి ఉంది. నేను బూట్లు విప్పుకున్నాను.

"ఏం చెప్పింది? ఏ పేజీ..." అని మొదలుపెట్టి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుంది. ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు నా తడి బూట్లు సర్దింది. తర్వాత, ఆ ఇంట్లో పియానో గది గుమ్మంలో ఎప్పుడూ అడగని మాట అడిగింది.

"ఆకలేస్తోందా?"

గొంతుదాకా తిని వచ్చాను. ఇంకో ముక్కకి చోటు లేదు.

"బాగా ఆకలేస్తోందమ్మా," అన్నాను.